ఆ రెండింటికే ఎందుకంటే

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు.

మొన్న మీరొచ్చినప్పుడు బీరువా ముందు కూర్చుని బట్టలు ఏరుతున్నాను. "అమ్మమ్మా, డబ్బులేమో అడవి జంతువుల్ని కాపాడేవాళ్లకు పంపుతావు, బట్టలేమో పాతబట్టలు పోగుచేసే సంస్థకు ఇస్తావు. లోకంలో ఇన్ని కష్టాలుండగా ఆ రెండే ఎందుకు?" అని అడిగారు. "నా ఇష్టం" అని ఊరుకున్నాను. మీరు వెళ్లాక మనసొప్పలేదు. అంత మంచి ప్రశ్నకు అది జవాబు కాదు.

ముందు నా నీలం స్వెటర్ గురించి చెప్పాలి. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాన్నగారి ఉద్యోగం పోయింది. ఆ చలికాలం కొత్త బట్టల మాటే లేదు. వాడిన బట్టలు పంచే ఒక సంస్థ నుంచి మా ఇంటికి ఓ సంచి వచ్చింది. అందులో ఉంది ఆ స్వెటర్. కాలర్ లోపలివైపు చిన్న గుడ్డముక్క మీద ఎర్రదారంతో ఎవరో అమ్మాయి పేరు కుట్టి ఉంది. ఎడమ మోచేతి దగ్గర చిరిగినచోట దాదాపు అదే రంగు ఊలుతో పూడ్చారు. చూస్తే తెలియదు, వేలితో తడిమితేనే తెలుస్తుంది.

క్లాసులో కూర్చుని ఆ చోటే తడుముతూ ఉండేదాన్ని. మొదట్లో ఆ అమ్మాయి ఎక్కడైనా ఎదురై "ఇది నాది" అంటుందేమోనని తెగ టెన్షన్ పడ్డాను. పోనుపోను ఆలోచన వాళ్లమ్మ మీదికి మళ్లింది. ఇచ్చేసే బట్టే కదా అని చిరుగుతోనే ఇచ్చేసి ఉండొచ్చు, అడిగేవాళ్లెవరు? కానీ ఆవిడ రంగు కలిసే ఊలు వెతికి, కిటికీ పక్కనో దీపం దగ్గరో కూర్చుని, ఎన్నడూ చూడని పిల్ల మోచేతికి చలి తగలకూడదని కుట్టింది. ఇన్నేళ్లయినా బట్టలు ఇచ్చేటప్పుడు నాకు ఆవిడే గుర్తొస్తుంది. ఆవిడ ముఖం నాకు తెలియదు, చేతికుట్టు మాత్రం తెలుసు.

ఇక పక్షులూ జంతువులూ. ఆ దారి కూడా నన్ను బట్టల మీదుగానే తీసుకెళ్లింది. పెద్దయ్యాక ఒక మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఆడవాళ్లు పెట్టుకునే టోపీ ఒకటి చూశాను. వందేళ్లు పైబడిన టోపీ. దాని మీద తెల్లకొంగ ఈకల కుచ్చు. ఎంత పల్చగా ఉన్నాయంటే, అద్దం ఇవతల నేను గట్టిగా ఊపిరి వదిలినా కదులుతాయేమో అనిపించింది. చాలాసేపు అలాగే నిలబడిపోయాను, అంత అందంగా ఉన్నాయి. పక్కనున్న వివరం చదివాక మాత్రం ఒళ్లు జలదరించింది. కొంగకు ఆ ఈకలు గూడు పెట్టే కాలంలోనే వస్తాయి. అందుకని వేటగాళ్లు గూళ్ల దగ్గరికే వెళ్లి పెద్ద పక్షుల్ని కాల్చేవాళ్లు. గూట్లో పిల్లలు నోళ్లు తెరుచుకుని ఎదురుచూసి, ఎదురుచూసి ఆకలితో చచ్చిపోయేవి. ఒక దశలో ఆ ఈకలు తూకానికి తూకం బంగారాన్ని మించిన ధర పలికాయి.

దాన్ని ఆపడానికి నడుం కట్టింది ఎవరనుకున్నారు? ఆ టోపీలు పెట్టుకునే ఆడవాళ్లే. 1889లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ దగ్గర ఎమిలీ విలియమ్సన్ అనే ఆవిడ తన ఇంట్లోనే సంఘం మొదలుపెట్టి, ఈకల టోపీ ముట్టనని సభ్యుల చేత ఒట్టు వేయించింది. 1896లో అమెరికాలోని బోస్టన్‌లో హ్యారియెట్ హెమెన్‌వే, మిన్నా హాల్ అని వరసకు అక్కచెల్లెళ్లిద్దరు, తెలిసిన ఆడవాళ్లను టీకి పిలిచి ఇదే సంగతి చెప్పారు. ఇంగ్లండ్‌లో ఈకల దిగుమతిని నిషేధించే చట్టం 1921లో గానీ రాలేదు. అంటే 32 ఏళ్లు! అన్నేళ్లు విసుగు లేకుండా అడుగుతూనే ఉన్నారు. ఎమిలీ ఇంట్లో పుట్టిన ఆ సంఘమే పెరిగి పెరిగి, పక్షుల్ని కాపాడే ఆర్ఎస్‌పీబీ (రాయల్ సొసైటీ ఫర్ ద ప్రొటెక్షన్ ఆఫ్ బర్డ్స్) అనే పెద్ద సంస్థ అయింది. ఇవాళ దానికి పది లక్షల మందికి పైగా సభ్యులున్నారు.

ఈకలైతే పోయాయి, మనం కట్టేది నూలు బట్టే కదా అంటారేమో. ఒక్క కాటన్ టీషర్టు తయారవడానికి సుమారు 2,700 లీటర్ల నీళ్లు పడతాయని లెక్కగట్టారు. ఆ నీళ్లు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి. మధ్య ఆసియాలో అరల్ సముద్రం అని ఉంది. పేరుకు సముద్రమేగానీ సరస్సు, 1960 నాటికి ప్రపంచంలోనే నాలుగో పెద్దది. అందులో కలిసే అము దర్యా, సిర్ దర్యా నదుల నీళ్లను ముఖ్యంగా పత్తి చేల కోసం మళ్లించారు. సరస్సు చాలా భాగం ఎండిపోయింది. ఒకప్పుడు చేపల రేవైన మొయ్‌నాక్‌లో ఇప్పుడు పడవలు ఇసుకలో తుప్పుపట్టి ఉన్నాయి.

ఆ అము దర్యా ఒడ్డున రెల్లుపొదల్లో పులులు తిరిగేవి. కాస్పియన్ పులులు అనేవాళ్లు. కొన్నిటిని తుపాకులు మింగాయి. మిగిలినవాటికి, పొదలు నరికి చేలు చేశాక, తలదాచుకునే చోటు లేకుండా పోయింది. ఇప్పుడు ఒక్కటీ లేదు. పత్తి పండించిన రైతును నేను తప్పుపట్టను, అతనూ బతకాలి. నా బాధల్లా ఇంత మూల్యం చెల్లించి వచ్చిన బట్టను నాలుగుసార్లు తొడిగి పారేయడం గురించే. అదే బట్ట ఇంకొకరి ఒంటి మీద మరో నాలుగేళ్లు ఉంటే, వాళ్లకు కొత్తది కొనే అవసరం అంతమేరకు తప్పుతుంది.

పోయినవాటి గురించే చెబుతున్నానని దిగులు పడకండి. న్యూజిలాండ్‌కు చెందిన చాతమ్ దీవుల్లో పిడికెడంత నల్ల పిట్ట ఉంది, బ్లాక్ రాబిన్. 1980కల్లా ప్రపంచం మొత్తం మీద అయిదే మిగిలాయి. వాటిలో గుడ్లు పెట్టి పిల్లల్ని లేపగలిగిన ఆడపిట్ట ఒక్కటే. కాలికి నీలం పట్టీ ఉండేది కాబట్టి దాన్ని ఓల్డ్ బ్లూ అన్నారు. అక్కడ పక్షుల్ని కాపాడే పనిలో ఉన్న డాన్ మెర్టన్, ఆయన బృందం ఏం చేశారంటే, దాని గుడ్లు తీసి టామ్‌టిట్ అనే వేరే జాతి పిట్టల గూళ్లలో పెట్టారు. గుడ్లు పోయాయనుకుని ఓల్డ్ బ్లూ మళ్లీ పెట్టేది. ఆ వేరే పిట్టలేమో తమవి కాని గుడ్లను పొదిగాయి. ఇవాళ ఆ పిట్టలు 200 పైచిలుకు ఉన్నాయి, అన్నీ ఆ ఒక్క తల్లి సంతతే. ఇది మొదటిసారి చదివినప్పుడు నా చెయ్యి తెలియకుండానే ఎడమ మోచేతి మీదికి వెళ్లింది.

మనుషులు బాధపడుతుంటే జంతువులకు డబ్బేమిటని నన్ను అడిగినవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ పత్తి కోసం పులికి తలదాచుకునే చోటూ పోయింది, ఆ రేవులో చేపలు పట్టేవాళ్ల బతుకుదెరువూ పోయింది. వాళ్లను విడదీసి చూడటం నాకు చేతకాలేదు.

పాతబట్టల సంగతిలో ఒక్క మాట దాచకూడదు. ఇచ్చినవన్నీ ఎవరో ఒకరు తొడుక్కుంటారని లేదు. చాలా దేశాల్లో దానంగా వచ్చినవాటిలో పెద్ద భాగాన్ని మూటలు కట్టి దూరదేశాలకు అమ్మేస్తారు. ఘనా రాజధాని అక్రాలో కాంటమాంటో అని అలాంటి బట్టల పెద్ద సంత ఉంది. అక్కడ దర్జీలు, రంగులద్దేవాళ్లు ఎంతో నేర్పుగా పాతవాటిని కొత్తగా చేసి అమ్ముతారు. కానీ మూటలో పనికిరాని చెత్త వస్తే ఆ నష్టం కొన్న చిన్న వ్యాపారిదే. ఆ చెత్తలో కొంత సముద్రపు ఒడ్డుకు చేరుతుంది. ఇది తెలిశాక నేను ఇవ్వడం మానలేదు, ఇచ్చే తీరు మార్చుకున్నాను. ఉతికి, ఆరబెట్టి, చిరుగులు కుట్టి, జిప్పు పనిచేస్తుందో లేదో చూసి ఇస్తాను. బాగుచేయలేనిదాన్ని ఇంట్లోనే తుడిచే గుడ్డగా వాడతాను. అసలు కొనడమే తగ్గించాను.

వచ్చే సెలవులకు వచ్చేటప్పుడు మీకు పొట్టివైపోయిన బట్టలు తీసుకురండి. గుండీలు ఊడిపోయినవి కూడా పట్టుకురండి. సూదిలో దారం మీరే ఎక్కించాలి, నాకిప్పుడు చూపు ఆనడం లేదు. గుండీల డబ్బా తీసి బల్ల మీద పెట్టి ఉంచుతాను.

ప్రేమతో,
మీ అమ్మమ్మ