కుర్చీ వేశారు, తాళాలివ్వలేదు: అమెరికా 1947 జాతీయ భద్రతా చట్టంపై అపోహలు – వాస్తవాలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అధ్యక్షుడు ట్రూమన్ ఒక్క సంతకంతో అమెరికా త్రివిధ దళాలనూ గూఢచారాన్నీ ఒకే గొడుగు కిందికి తెచ్చాడని పోటీ పరీక్షల నోట్సుల్లో తరచూ కనిపిస్తుంది. సంతకం నిజమే. 1947 జులై 26న, జాతీయ భద్రతా చట్టం మీద, తన విమానంలో కూర్చుని చేశాడు. గొడుగు మాత్రం అంత తేలిగ్గా తెరుచుకోలేదు. ఇలాంటి చట్టం చేతికొస్తే మేం వెతికేవి మూడే: డబ్బు ఎవరి చేతిలో ఉంది, మనుషుల్ని ఎవరు నియమిస్తారు, ఆదేశం ఎవరిస్తారు. పీఠిక ఎంత ఘనంగా ఉన్నా చివరికి తేల్చేవి ఇవే.

అపోహ: పెర్ల్ హార్బర్ దాడికి ముందు అమెరికా దగ్గర సమాచారమే లేదు. అందుకే ఈ చట్టంతో సీఐఏ (సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ) పెట్టారు.

వాస్తవం: సమాచారం ఉంది. జపాన్ దౌత్య సంకేతాలను ఛేదించి వాషింగ్టన్ చదువుతూనే ఉంది. ఆ పనిని సైన్యం, నౌకాదళం ఎలా పంచుకున్నాయో చూడండి: సరి తేదీల సందేశాలు సైన్యానికి, బేసి తేదీలవి నౌకాదళానికి! అన్నదమ్ముల పొలం వంతులకు పనికొచ్చే ఏర్పాటు ఇది. అన్నిటినీ ఒకచోట పెట్టి ఏం జరుగుతోందో బేరీజు వేసే బాధ్యత ఎవరికీ లేదు. హవాయిలోని కమాండర్లు కిమ్మెల్, షార్ట్ ఆ సందేశాలు అందుకునే జాబితాలోనే లేరు. యుద్ధం తర్వాత అమెరికా కాంగ్రెస్ జరిపిన విచారణలో ఈ లోపాలన్నీ బయటికొచ్చాయి. ‘సెంట్రల్’ అన్న మాట వెనకున్న అసలు కారణం ఇదే.

అపోహ: యుద్ధకాలపు గూఢచార సంస్థ ఓఎస్ఎస్‌కే పేరు మార్చి సీఐఏ అన్నారు.

వాస్తవం: మొదట దాన్ని ముక్కలు చేశారు. 1945 అక్టోబర్ 1 నుంచి ఓఎస్ఎస్ లేదు. పరిశోధన, విశ్లేషణ విభాగం విదేశాంగ శాఖకు వెళ్లింది. గూఢచారులు, ప్రతిగూఢచారం సైన్యాన్ని చూసే యుద్ధ శాఖ కిందికి చేరాయి. అధిపతి డోనోవన్‌ను ఇంటికి పంపేశారు. 1946 జనవరి 22న ట్రూమన్ ‘సెంట్రల్ ఇంటెలిజెన్స్ గ్రూప్’ పెట్టాడు. దానికి సొంత బడ్జెట్ లేదు. విదేశాంగ, యుద్ధ, నౌకా శాఖలు ఇచ్చే డబ్బు, అవే డెప్యుటేషన్‌పై పంపే మనుషులు. ఏ శాఖల పనిని సమన్వయం చేయాలో ఆ శాఖల దగ్గరే నెలనెలా చెయ్యి చాచాలి. ఏడాదిన్నర గడవకముందే ముగ్గురు డైరెక్టర్లు మారారు: సౌవర్స్, వాండెన్‌బర్గ్, హిల్లెన్‌కోటర్. సీఐఏకు చట్టబద్ధత 1947లో వచ్చింది. డబ్బు విషయంలో అసలు స్వేచ్ఛ 1949 సీఐఏ చట్టంతో గానీ రాలేదు. ఇతర శాఖల నుంచి నిధులు మళ్లించుకోవచ్చు, రహస్య ఖర్చుకు డైరెక్టర్ ధ్రువీకరణే చాలు, సిబ్బంది సంఖ్యా జీతాలూ వెల్లడించక్కర్లేదు అన్నది ఆ చట్టమే.

అపోహ: 1947 చట్టం రక్షణ శాఖను సృష్టించింది.

వాస్తవం: అందరూ పొరబడేది ఇక్కడే. ఆ చట్టం పెట్టింది ‘నేషనల్ మిలిటరీ ఎస్టాబ్లిష్‌మెంట్’. పొడి అక్షరాలు ఎన్ఎంఈ. కలిపి పలికితే ‘ఎనిమీ’, అంటే శత్రువు! సైన్యం, నౌకాదళం, కొత్తగా విడివడిన వైమానిక దళం మూడూ దేనికది మంత్రివర్గ స్థాయి శాఖగానే మిగిలాయి. వాటి పైన రక్షణ మంత్రి ఉన్నాడు, కానీ ఆయనకున్నది ‘సాధారణ’ అజమాయిషీ మాత్రమే. ఆయనకంటూ చట్టం ప్రత్యేకంగా ఇవ్వని అధికారమంతా దళాలదే. ఆయన నిర్ణయం నచ్చని దళ మంత్రి, ఆయనకు ఒక మాట చెప్పి, నేరుగా అధ్యక్షుడి దగ్గరికే వెళ్లొచ్చు. ఇంత యంత్రాంగాన్ని నడపడానికి ఆయనకిచ్చింది ముగ్గురు ప్రత్యేక సహాయకులను. మూడు దళాలకూ ఉమ్మడిగా పనిచేసే సంయుక్త సిబ్బందిలో అధికారులు 100 మందికి మించకూడదు, అదీ మూడు దళాల నుంచి సమానంగా. దళాధిపతుల కమిటీకి ఛైర్మనే లేడు.

ఇలా రాయించిన వాళ్లలో ముఖ్యుడు నౌకాదళ మంత్రి ఫారెస్టల్. గట్టి ఏకీకరణ వస్తే తన దళం నలిగిపోతుందని ఆయన భయం. తీరా మొదటి రక్షణ మంత్రి కుర్చీలో ఆయనే కూర్చోవలసి వచ్చింది. ఏ దళం ఏ పని చేయాలో తేల్చడానికి 1948 మార్చిలో దళాధిపతులను ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌కు తీసుకెళ్లి ఒప్పించాడు. అయినా అణుబాంబు మోసే వంతు ఎవరిదన్న తగవు తెగలేదు. ఆ ఏడాది చివరికి తన అధికారాలు పెంచమని తానే అడిగాడు.

1949 ఆగస్టు సవరణ ఆ పని చేసింది. ‘సాధారణ’ అన్న ఒక్క మాటను కొట్టేసింది. దళ మంత్రులు మంత్రివర్గ హోదా, అధ్యక్షుడికి సలహాలిచ్చే జాతీయ భద్రతా మండలి (ఎన్ఎస్సీ)లో సీటు పోగొట్టుకున్నారు. ఛైర్మన్‌గా జనరల్ ఒమర్ బ్రాడ్లీ వచ్చాడు, సంయుక్త సిబ్బంది పరిమితి 210కి పెరిగింది, లెక్కలు చూసే కంప్ట్రోలర్ పదవి ఏర్పడింది. రక్షణ శాఖ పుట్టింది అప్పుడు. యుద్ధరంగ కమాండ్‌ల నుంచి దళాలను తప్పించి, ఆదేశం రక్షణ మంత్రి నుంచే నేరుగా వెళ్లాలని తేల్చడానికి 1958 దాకా పట్టింది. పెంటగాన్ భవనమా? అది 1943కే పూర్తయింది, యుద్ధ శాఖ కోసం.

అపోహ: విదేశాల్లో ప్రభుత్వాలను కూల్చే అధికారం సీఐఏకు ఆ చట్టమే ఇచ్చింది.

వాస్తవం: రహస్య ఆపరేషన్ అన్న మాటే అందులో లేదు. పోలీసు అధికారాలు, అంతర్గత భద్రత దానికి ఉండవని మాత్రం స్పష్టంగా ఉంది. ఉన్నదల్లా చివర్లో ఒక సాగే వాక్యం: భద్రతా మండలి అప్పుడప్పుడు ఆదేశించే, గూఢచారానికి సంబంధించిన ‘ఇతర విధులు’. ఇది రహస్య చర్యలకు సరిపోదని 1947లోనే సీఐఏ సొంత న్యాయ సలహాదారు హ్యూస్టన్ రాశాడు. 1948 జూన్‌లో భద్రతా మండలి ఎన్ఎస్సీ 10/2 పత్రంతో ఆ తలుపు బార్లా తీసింది. ఆ పనికి పెట్టిన విభాగం సీఐఏ చూరు కింద ఉన్నా, దాని అధిపతిని ఎంపిక చేసేది విదేశాంగ మంత్రి. డైరెక్టర్‌కు నామమాత్రపు పట్టే. 1950 అక్టోబర్‌లో కొత్త డైరెక్టర్ బెడెల్ స్మిత్ వచ్చాకే అది నిజంగా సీఐఏ చేతికి చిక్కింది.

అపోహ: అప్పటి నుంచి గూఢచారమంతా సీఐఏ కిందే.

వాస్తవం: దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. దళాల నిఘా విభాగాలు అలాగే ఉన్నాయి. సంకేతాలు వినే ఎన్ఎస్ఏ 1952లో, సైనిక నిఘా చూసే డీఐఏ 1961లో వచ్చాయి, రెండూ రక్షణ శాఖ కిందే. దేశంలోపల ఎఫ్‌బీఐ. అన్నిటికీ పెద్దనని పేరున్న సీఐఏ డైరెక్టర్‌కు వాటి డబ్బు మీద పట్టు లేదు. 2004లో జాతీయ నిఘా డైరెక్టర్ అన్న పదవిని విడిగా పెట్టాల్సి రావడానికి ఇదీ ఒక కారణం.

అపోహ: మనం కూడా అదే దారిలో నడిచాం.

వాస్తవం: గూఢచారంలో మనది ఎదురు దారి. 1962, 1965 యుద్ధాల తర్వాత కలపలేదు, విడదీశాం. 1968 సెప్టెంబర్‌లో ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ) నుంచి విదేశీ నిఘాను తీసి, ఆర్.ఎన్. కావ్ కింద ‘రా’ పెట్టారు. కార్గిల్ తర్వాత రక్షణ నిఘాకు మన సొంత డీఐఏ, సాంకేతిక నిఘాకు ఎన్‌టీఆర్‌ఓ చేరాయి. దళాల ఏకీకరణలో మాత్రం పోలిక ఉంది. 2020 జనవరి 1న మొదటి త్రిదళాధిపతి పదవి చేపట్టిన బిపిన్ రావత్‌ను చాలామంది మూడు దళాలకూ కమాండర్ అనుకున్నారు. ఆ పదవిని ఆమోదించిన కేబినెట్ నిర్ణయంలోనే ఉంది: మూడు దళాధిపతులతో సహా ఎవరి మీదా ఆయనకు సైనిక కమాండ్ ఉండదు.