అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో డబ్బు: టికెట్ కౌంటర్ లోపలివైపు నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయపు క్రీడా విభాగంలో, టికెట్లూ విరాళాల లెక్కలూ చూసే కార్యాలయంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే ఆటనే ఇక్కడ ఫుట్‌బాల్ అంటారు. సాధారణంగా శనివారం కాలేజీ జట్లు, ఆదివారం వృత్తి జట్లు ఆడతాయి. మిషిగన్ విశ్వవిద్యాలయపు స్టేడియంలో సీట్లే 1,07,601 ఉన్నాయంటే, ఆ శనివారాల మీద జనానికి ఎంత మమకారమో ఊహించుకోవచ్చు. ఆ మమకారం చుట్టూ తిరిగే డబ్బు గురించి కౌంటర్ దగ్గరా, మన తెలుగువాళ్ల విందుల్లోనూ తరచు వినే మాటలను ఇక్కడ సరిచూస్తున్నాను.

అపోహ: ఆటగాళ్లకు డబ్బు అందడం మొదలైన 2021 నుంచే ఈ ఆట వ్యాపారమైంది.

వాస్తవం: డబ్బు ఎప్పటినుంచో ఉంది, ఆటగాడి దాకా మాత్రం బాహాటంగా రాలేదు. మైదానంలో గాయపడినవారు తామూ ఉద్యోగులమేనంటూ నష్టపరిహారం అడగకుండా ఉండేందుకే, 1950లలో కాలేజీ క్రీడలకు నియమాలు పెట్టే జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ, వాల్టర్ బయర్స్ సారథ్యంలో, ‘విద్యార్థి క్రీడాకారుడు’ అన్న మాటను వాడుకలోకి తెచ్చింది. టీవీ ప్రసారాలపై ఆ సంస్థకున్న పట్టును 1984లో సుప్రీంకోర్టు చెల్లదని తేల్చాక, విశ్వవిద్యాలయాలూ వాటి కూటములైన కాన్ఫరెన్సులూ ప్రసార హక్కులను తామే అమ్ముకోసాగాయి. 2022లో బిగ్ టెన్ కాన్ఫరెన్సు ఏడేళ్లకు కుదుర్చుకున్న ఒప్పందాల విలువ 700 కోట్ల డాలర్ల పైమాటే. చాటుమాటు చెల్లింపులూ కొత్తవి కావు. బూస్టర్లు, అంటే డబ్బున్న అభిమానులు, ఆటగాళ్లకు రహస్యంగా ముట్టజెప్పినందుకు సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయపు 1987 సీజన్‌ను ఎన్‌సీఏఏ మొత్తంగా రద్దు చేసింది. కోచ్‌ల విషయంలో అంత చాటు అవసరం లేదు: 2023 నవంబరులో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం జింబో ఫిషర్‌ను ఒప్పందం ముగియకముందే తొలగించినప్పుడు, ఆయనకు బాకీపడిన మొత్తం సుమారు 7.6 కోట్ల డాలర్లు.

ఆటగాళ్లకిచ్చే ప్రయోజనాలపై ఎన్‌సీఏఏ పెట్టిన పరిమితులను సవాలు చేసిన ఆల్‌స్టన్ కేసులో, 2021 జూన్ 21న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పునిచ్చారు. ఆ తీర్పు చదువుకు సంబంధించిన ప్రయోజనాలకే పరిమితమైనప్పటికీ, అప్పటికే కొన్ని రాష్ట్రాలు చేసిన చట్టాలు కూడా తోడవడంతో, పది రోజుల్లోనే ఆటగాళ్లు తమ పేరునూ రూపాన్నీ ప్రకటనలకిచ్చి సొమ్ము తీసుకునే వీలు కలిగింది. తమకూ డబ్బులో వాటా కావాలంటూ ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసులో రాజీని 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించాక, ఒక్కో విశ్వవిద్యాలయం తొలి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకు నేరుగా పంచే వీలు కలిగింది. కోచ్ జీతం పెరిగిన ఏ ఏడాదీ ఆట చెడిపోయిందని మా కౌంటర్ దగ్గర ఎవరూ అనగా నేను వినలేదు. పంతొమ్మిదేళ్ల కుర్రాడి చేతికి నాలుగు డాలర్లు వచ్చాకే ఆ మాట వినబడుతోంది.

అపోహ: ఫుట్‌బాల్ లాభాలే విశ్వవిద్యాలయాన్ని పోషిస్తున్నాయి.

వాస్తవం: పెద్ద జట్లకు ఫుట్‌బాల్ మీద మిగులు ఉంటుంది, కానీ ఈతా, కుస్తీ, పరుగు పందేల వంటి ఆదాయం లేని క్రీడలన్నీ ఆ మిగులు మీదే బతకాలి కాబట్టి, మొత్తం క్రీడా విభాగం తన ఖర్చు తానే భరించుకునే విశ్వవిద్యాలయాలు కొద్దిపాటివే. చిన్నచోట్ల ఆ లోటును విద్యార్థుల ఫీజుతో పూడుస్తారు. ఎమ్మెస్ చదవడానికి వరంగల్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి మొదటి సెమిస్టర్ బిల్లు తెచ్చి, ట్యూషన్ కింద ఉన్న అథ్లెటిక్స్ ఫీజు వరుస మీద వేలు పెట్టి, “అన్నా, నేను ఏ ఆటా ఆడనుగా, ఇదెందుకు?” అని అడిగాడు. విద్యార్థి టికెట్ ఉచితమని చెప్పాను. శనివారం తనకు పెట్రోలు బంకులో డ్యూటీ ఉందన్నాడు.

అపోహ: సీజన్ టికెట్ ధర అంటే టికెట్ మీద అచ్చువేసిన ధర.

వాస్తవం: మంచి సీటు కావాలంటే ముందు విరాళం ఇవ్వాలి, ఆ తరువాతే టికెట్ కొనే అర్హత వస్తుంది. శ్రీవాణి ట్రస్టుకు విరాళమిచ్చి బ్రేక్ దర్శనం టికెట్ తీసుకున్న తెలుగువారికి ఇంతకన్నా వివరించనక్కరలేదు. ఈ విరాళంలో 80 శాతానికి ఒకప్పుడు ఆదాయపు పన్ను మినహాయింపు కూడా ఉండేది. 2017 నాటి పన్ను చట్టం దాన్ని తీసివేసింది. ఆపైన విరాళాల స్థాయిలూ పెరిగాయి. నలభై ఏళ్లుగా ఒకే వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన, పాత టికెట్ ముక్కలన్నిటికీ రబ్బరు బ్యాండు చుట్టి తెచ్చి, నా ఎదుట కౌంటర్ మీద పెట్టారు. ఆ కట్టను లెక్కలోకి తీసుకునే గడి మా కంప్యూటర్‌లో లేదు. ఆయన్ను స్టేడియం పై అంతస్తులోని సీటుకు మార్చాను. నా ఉద్యోగంలో నాకు నచ్చని పని అదే.

అపోహ: ఫుట్‌బాల్ డబ్బంతా ఎన్‌సీఏఏకే పోతుంది.

వాస్తవం: ఎన్‌సీఏఏ ఆదాయంలో అత్యధిక భాగం మార్చిలో జరిగే పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నమెంటుది. జాతీయ విజేతను తేల్చే ఫుట్‌బాల్ ప్లేఆఫ్ పోటీలు కాన్ఫరెన్సుల చేతిలో ఉన్నాయి, ఆ పోటీల సొమ్మూ కాన్ఫరెన్సులదే.

అపోహ: ఎవరి దగ్గర డబ్బుంటే వారిదే గెలుపు.

వాస్తవం: ఏళ్ల తరబడి చూస్తే ట్రోఫీలు ధనిక జట్ల చుట్టూనే తిరుగుతున్న మాట నిజమే, కానీ ఒక శనివారానికి ఆ హామీ లేదు. పెద్ద జట్లు సులువైన గెలుపు కోసం చిన్న జట్లకు సొమ్మిచ్చి తమ ఊరికి పిలిపించుకుంటాయి. అలా 2007లో 4 లక్షల డాలర్లు తీసుకుని వచ్చిన అపలాచియన్ స్టేట్, మిషిగన్‌ను 34-32తో ఓడించింది. 2022లో అదే జట్టు 15 లక్షల డాలర్లు పుచ్చుకుని టెక్సస్ ఏ అండ్ ఎంను 17-14తో ఓడించింది. కొత్త ఆటగాళ్ల ఎంపికలో దేశంలోనే మొదటి స్థానమన్న పేరు తెచ్చుకున్న టెక్సస్ ఏ అండ్ ఎం ఆ ఏడాదిని 5 గెలుపులు, 7 ఓటములతో ముగించింది.

అపోహ: జట్లు ఒక కాన్ఫరెన్సు వదిలి మరోదాంట్లో చేరడం పెద్ద ఆటలు కోరిన అభిమానుల కోసమే.

వాస్తవం: అది టీవీ ఒప్పందాల కోసం జరిగింది. 2024 ఆగస్టు నుంచి పడమటి తీరపు లాస్ ఏంజెలెస్ జట్లూ తూర్పు తీరపు న్యూజెర్సీ జట్టూ ఒకే కాన్ఫరెన్సులో ఉన్నాయి; పసిఫిక్ తీరాన ఉన్న స్టాన్‌ఫర్డ్ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సులో చేరింది. ఫుట్‌బాల్ కోసం రాసుకున్న ఒప్పందానికి వాలీబాల్ అమ్మాయిలు కూడా పరీక్షల మధ్య దేశం ఈ కొస నుంచి ఆ కొసకు విమానాల్లో తిరుగుతున్నారు. ఆట ఏ వేళకు మొదలవుతుందో నిర్ణయించేదీ టీవీ సంస్థలే. చాలా ఆటలకు ఆ సంగతి పన్నెండు రోజుల ముందు, ఒక్కోసారి ఆరు రోజుల ముందు మాత్రమే తెలుస్తుంది. అందుకే సోమవారాలు మా ఫోను ఆగదు. మొన్న పై అంతస్తుకు మార్చిన పెద్దాయన కూడా చేశారు, మనవణ్ణి తీసుకొస్తున్నానని, ఆట మధ్యాహ్నమో రాత్రో చెప్పమని. టీవీ వాళ్లు ఇంకా చెప్పలేదన్నాను.