అరకు కాఫీ: మా తోటల గురించి వినిపించే అపోహలు

మాది డుంబ్రిగుడ మండలం. ఇంటి వెనుక కొండవాలులో ఎకరంన్నర కాఫీ తోట ఉంది. అరకు చూడటానికి వచ్చినవాళ్లు తోటలో ఆగి మాట్లాడుతుంటారు. వాళ్లకు చెప్పే సంగతులే ఇవి.

అపోహ: కాఫీ గిరిజనుల తాతలనాటి పంట.

వాస్తవం: మా తాతలు పోడు కొట్టి చోళ్లు (రాగులు), సామలు పండించారు. పోడు మాన్పించాలని ప్రభుత్వం మొక్కలిచ్చాక కాఫీ మా కొండెక్కింది. అందుకే పండగలన్నీ ఇప్పటికీ ఆ పాత పంటలవే. చైత్రంలో ఇటుకల పండగకు దేవత ముందు పెట్టేది చోళ్లు, సామల విత్తనాలు. అవే రోజుల్లో ఓ వాన పడితే కాఫీ తోట తెల్లగా పూస్తుంది, ఊరంతా మల్లెల వాసన. అయినా పొద్దున్నే మేం తాగేది చోడి అంబలే.

అపోహ: నీడచెట్లు కొట్టేస్తే కాపు పెరుగుతుంది.

వాస్తవం: ఎండ ఎక్కువైతే మేం పెంచే అరబికా రకం కాఫీకి కాండం తొలిచే పురుగు పడుతుంది, చెట్టు నిలువునా ఎండిపోతుంది. పైగా నీడకు పెంచే సిల్వర్ ఓక్ చెట్లకు పాకించిన మిరియాలే కాఫీ ధర పడినప్పుడు మా ఇంటిని ఆదుకున్నాయి.

అపోహ: పళ్లు కోసి అమ్మడమే కదా, పనేముంది?

వాస్తవం: ఒకే కొమ్మకు ఎర్రపండూ పచ్చికాయా ఉంటాయి. నవంబరు నుంచి జనవరి దాకా పండినవే ఏరుతూ ఒక్కో చెట్టు దగ్గరికి మూడు నాలుగుసార్లు వెళ్లాలి. కొమ్మంతా దూసేస్తే పని తొందరగా తెములుతుంది, కానీ పచ్చికాయ కలిస్తే రుచి చెడుతుంది. కోసిన పండును ఆ రోజే తోలు తీసే యంత్రం, పల్పర్‌లో వేయాలి. రాత్రంతా మూటలో ఉంటే వేడెక్కి పాడవుతుంది. తోలు తీశాక జిగురు వదిలేదాకా పులియబెట్టి, కడిగి, ఎండబెట్టాలి. మబ్బు కమ్మితే టెన్షనే. ఇంత చేస్తే ఆరు కిలోల పళ్లకు కిలో గింజలొస్తాయి. వరి కోతలూ అప్పుడే. అందుకే ఈ రోజు పక్కింటివాళ్లు మా తోటకొస్తే రేపు మేం వాళ్ల తోటకెళ్తాం.

అపోహ: పారిస్‌లో అమ్ముతున్నారు, రైతులంతా లక్షాధికారులే.

వాస్తవం: 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు, 2019లో మా కాఫీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మాకది నిజంగా గర్వం. కానీ కాఫీ డబ్బు ఏడాదికి ఒక్కసారే చేతికొస్తుంది. వానాకాలంలో పిల్లల ఫీజుల కోసం ఓసారి షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకున్నాం. కాయ పండకముందే ధర ఆయనే తేల్చేశాడు. ఇప్పుడు గిరిజన సహకార సంస్థ ఎంతకు కొంటుందో కనుక్కున్నాకే మూట కడుతున్నాం.