ఉస్మానియాకు కొత్త బిల్డింగు: ఈ మాట ఎప్పటిది?

2025 జనవరి 31న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గోషామహల్‌లో ఉస్మానియా కొత్త దవాఖానకు శంకుస్థాపన చేశారు. సుమారు 26 ఎకరాలు, 2,000 పడకలు అన్నారు. సంతోషమే. కానీ ఈ మాట జనం మొదటిసారి విన్నది ఆ రోజు కాదు.

1908లో మూసీ వరదకు అఫ్జల్‌గంజ్‌లో ఉన్న పాత ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆ తర్వాత ఏడో నిజాం కాలంలో, నది ఒడ్డునే, ఇప్పుడు మనం చూసే గుమ్మటాల భవనం కట్టారు. ఒక్క హైదరాబాదే కాదు, పాలమూరు, నల్లగొండ, అటు బీదర్, రాయచూరు నుంచి కూడా చేతిలో డబ్బు లేనివాళ్లు బస్సెక్కి ఇక్కడికే వస్తారు. కట్టినప్పటి జనమెంత, ఇప్పటి జనమెంత!

2015 జులైలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ దవాఖానకు వచ్చి, భవనం ప్రమాదంలో ఉందని, కూల్చేసి రెండు పెద్ద టవర్లు కడతామని ప్రకటించారు. వారసత్వ కట్టడాన్ని కూల్చొద్దని చాలామంది అడ్డుపడ్డారు, విషయం హైకోర్టుకు వెళ్లింది. వాళ్లది తప్పని నేను అనను, అంత అందమైన భవనాన్ని కూల్చాలంటే నాకూ మనసొప్పదు. కానీ కూల్చాలా వద్దా అనే దగ్గరే అంతా ఆగిపోయి, కూల్చకుండానే పేషెంట్లకు ఇప్పటికిప్పుడు ఏం చెయ్యొచ్చన్న సంగతి పక్కకు పోయింది. నా బాధంతా అక్కడే.

తర్వాత 2020 జులై. కరోనా టైం. గాంధీ దవాఖానను పూర్తిగా కోవిడ్ ఆసుపత్రి చేయడంతో మామూలు రోగుల భారం ఉస్మానియా మీద పడింది. సరిగ్గా అప్పుడే కురిసిన వానకు వార్డుల్లోకి నీళ్లొచ్చాయి, అందులో మురుగు కూడా కలిసింది. మంచాల కింద ఆ నీళ్లు, మంచం మీద సెలైన్ ఎక్కుతున్న మనిషి, ఆ నీళ్లలోనే అటూ ఇటూ తిరుగుతున్న నర్సులు. ఆ వీడియోలు చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. కొన్ని రోజులకే పాత భవనాన్ని ఖాళీ చేయించి సీలు వేశారు, రోగుల్ని పక్క బ్లాకుల్లో సర్దారు.

"సర్దారు" అని రాయడం తేలిక. అక్కడ మాత్రం మంచం దొరకనివాళ్లకు నేల మీద పరుపు, వెంట వచ్చినవాళ్లకు ఆరుబయట చాప.

ఎన్ని అంతస్తులు, ఎన్ని కోట్లు, ఏ పార్టీ ముందు చెప్పింది అన్న లెక్క టీవీల్లో రోజూ నడుస్తుంది. నేను చూసేది వేరే లెక్క. వార్డులకు సీలు పడ్డ రోజు నుంచి గోషామహల్‌లో శంకుస్థాపన దాకా నాలుగున్నరేళ్లు. ఆ మధ్యలో ఒక అసెంబ్లీ ఎన్నిక అయింది, ప్రభుత్వం మారింది, మూసిన వార్డుల బదులు కొత్త భవనం మాత్రం లేవలేదు. శంకుస్థాపన జరిగిన రోజు కూడా ఓపీ చీటీ కోసం జనం క్యూ కట్టింది అఫ్జల్‌గంజ్‌లోనే.