మ్యాచ్ రోజు ప్రార్థనలు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో ఓ చిన్న సంఘంలో యవ్వనస్థుల కూటాలు నడిపిస్తుంటాను. వరల్డ్ కప్ వచ్చిందంటే ప్రార్థన విన్నపాల్లో పరీక్షలతో పాటు రన్‌రేట్ కూడా చేరిపోతుంది. "అయ్యగారూ, ఇండియా గెలవాలని ఉపవాసం ఉండొచ్చా?" అని అడిగేవాళ్లున్నారు. నవ్వొస్తుంది గానీ, ఈ నమ్మకాల్లో కొన్ని ఇళ్లలో గొడవల దాకా వెళ్తున్నాయి.

అపోహ: ఆటలు చూడటం లోకాశ, విశ్వాసికి తగదు.

వాస్తవం: పెద్దవాళ్లు ఎక్కువగా అనే మాట ఇది. బైబిల్లో కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు పరుగు పందెం గురించీ పిడిగుద్దుల పోటీ గురించీ మాట్లాడాడు. కొరింథు పక్కనే రెండేళ్లకోసారి ఇస్త్మియా క్రీడలు జరిగేవి కాబట్టి అక్కడివాళ్లకు పందెపు రంగం అంటే విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన ఆటను తప్పుపట్టలేదు, గెలిచినవాడి ఆకుల కిరీటం వాడిపోయేదని మాత్రం గుర్తు చేశాడు. మన ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు లిఫ్టులు కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెస్తే సంతోషించనివాడు ఈ జిల్లాలో ఎవడుంటాడు?

అపోహ: విశ్వాసి అయిన ప్లేయర్‌ని దేవుడు గెలిపిస్తాడు.

వాస్తవం: నాకొచ్చే ప్రశ్నల్లో ఎక్కువ దీని గురించే. 2025 అక్టోబరు 30న నవీ ముంబైలో మహిళల వరల్డ్ కప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద జెమీమా రోడ్రిగ్స్ 127 నాటౌట్‌గా నిలిచి, యేసుకు కృతజ్ఞతలు చెప్పింది. మా పిల్లల వాట్సాప్ స్టేటస్‌లన్నీ ఆమే. మంచిదే. అయితే అదే టోర్నీలో ఆమెను ఒక మ్యాచ్‌కి పక్కన పెట్టారు. టెన్షన్ తట్టుకోలేక అమ్మకు ఫోన్ చేసి ఏడ్చేదాన్నని తనే చెప్పింది. ఫైనల్లో 24కే ఔటైంది. మరి ఆ రోజు దేవుడు సెలవు పెట్టాడా? అవతలి జట్టులో మాత్రం మోకరించేవాళ్లు ఉండరా?

"నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అనే వాక్యాన్ని మనవాళ్లు బ్యాట్ మీద కూడా రాసుకుంటారు. పౌలు ఆ మాట రాసింది బంధకాల్లో ఉండి. దాని పై వచనం చదివితే, కడుపు నిండినప్పుడూ ఆకలితో ఉన్నప్పుడూ ఎలా బతకాలో నేర్చుకున్నానంటాడు. అందులో గెలుపు ఊసే లేదు. ఓడినవాడికీ ఆ వాక్యం మీద అంతే హక్కుంది.

అపోహ: పరుగు వీరుడు ఎరిక్ లిడెల్‌లా ఆదివారాన్ని గౌరవిస్తే దేవుడు పతకం ఇస్తాడు.

వాస్తవం: ప్రసంగాల్లో ఈ కథ సగమే వినిపిస్తుంది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని ఆయన పరుగెత్తలేదు. 400 మీటర్లకు సిద్ధపడి 47.6 సెకన్లలో స్వర్ణం గెలిచాడు. ఇక్కడికి అందరూ ఆమేన్ అంటారు. ఆ తర్వాత మిషనరీగా చైనా వెళ్లి, 1945లో జపానువాళ్ల నిర్బంధ శిబిరంలో, మెదడులో గడ్డతో చనిపోయాడు. పతకం దేవుడిచ్చిన జీతమైతే ఆ శిబిరాన్ని ఏమనాలి? ఈ సగం కూడా పిల్లలకు చెప్పండి, తట్టుకోగలరు.

అపోహ: ఓడినప్పుడు రెచ్చిపోవడమే అసలైన అభిమానం.

వాస్తవం: 2023 నవంబరు 19న, వరుసగా పది మ్యాచ్‌లు గెలిచిన మన జట్టు వరల్డ్ కప్ ఫైనల్లో 6 వికెట్ల తేడాతో ఓడిపోయింది. బాధ ఉంటుంది, ఉండాలి కూడా. ఎన్ని గంటలు మ్యాచ్ చూశావని నేను ఎవరినీ అడగను. ఓడిన రాత్రి అన్నం పెట్టినవాళ్లతో ఎలా మాట్లాడావు, పిల్లల మీద అరిచావా అని అడుగుతాను. దీనికి జవాబు చెప్పడానికి ఎక్కువమంది నీళ్లు నములుతారు. ఓడిన ఆటగాడి ఇంట్లోవాళ్లను ఫోన్‌లో బూతులు తిట్టి, ఆదివారం ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో) చెయ్యి వేయడం నా లెక్కలో అబద్ధ సాక్ష్యమే.

అపోహ: "వంద రూపాయల బెట్టింగ్‌కేటవుతాది అయ్యగారూ."

వాస్తవం: అవుతుంది. వంద పోతే, అది రాబట్టుకోవడానికి ఇంకో వంద పెడతారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టమే తెచ్చింది. ఈ ఒక్క విషయంలో నా దగ్గర సర్దుబాటు లేదు.

అపోహ: మ్యాచ్ ఉన్న సాయంత్రం కాటేజ్ ప్రేయర్ (ఇంట్లో జరిగే ప్రార్థన కూటం) పెట్టినా ఎవరూ రారు.

వాస్తవం: టైం ముందుకు జరపండి. మా దగ్గర ఐదింటికే పెట్టేస్తున్నాం. మ్యాచ్ చూసేవాళ్ల కంటే, చీకటి పడకముందే ఇంటికి చేరే ముసలమ్మలే ఎక్కువ సంతోషించారు.