నకళ్లున్న ఇంజనుకే ఆయుష్షు

తొలకరి పడగానే మండల కేంద్రాల్లో స్ప్రేయర్లు, బ్రష్ కట్టర్లు బాగుచేసే షాపుల ముందు మిషన్లు వరస కడతాయి. ఆర్నెల్లు మూలన పడున్న ఇంజను తాడు ఎంత లాగినా అందుకోదు. మెకానిక్ విప్పి చూసి పిస్టన్ గీసుకుపోయిందనో, గాలీ పెట్రోలూ కలిపే కార్బరేటర్ పోయిందనో చెబుతాడు. లెక్క వేశాక తనే ఒక మాట కలుపుతాడు: "ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది కదన్నా."

ఆ మెకానిక్ తండ్రి కూడా ఇదే పని చేసి ఉంటే, ఈ మాట ఆయన నోట వచ్చి ఉండేది కాదు. అప్పుడు ఇంజను చెడిపోతే బాగుచేయించడమే తప్ప మార్చడమనే ఆలోచనే లేదు. జనానికి ఓపిక తగ్గింది, చేతిలో డబ్బు ఆడుతోంది, అందుకే పారేస్తున్నారు అని తీర్పు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకది కుదిరే మాటలా కనిపించదు. ఓపిక ఉన్నా బాగుపడని ఇంజన్లు, పట్టించుకోకున్నా నడిచే ఇంజన్లు రెండూ మన కళ్లముందే ఉన్నాయి. తేడా ఎక్కడుందో తెలియాలంటే ఆయిల్ ఇంజను రోజుల దాకా వెనక్కి వెళ్లాలి.

ఇంగ్లండులోని డర్స్‌లీ అనే చిన్న పట్టణంలో లిస్టర్ కంపెనీ 1929లో సీఎస్ అనే డీజిల్ ఇంజనును తెచ్చింది. ఒకే సిలిండరు, ఇరువైపులా ఫ్లైవీళ్లనే రెండు పెద్ద బరువు చక్రాలు. నిమిషానికి 600 చుట్లు మాత్రమే తిరిగేది. నెమ్మదిగా తిరిగేది నెమ్మదిగా అరుగుతుంది. పైగా ప్రతి భాగమూ విడిగా ఊడొచ్చేది, మామూలు పానాలతో విప్పగలిగేది. ఇంగ్లండులో దాని తయారీ 1987లో ఆగిపోయింది. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో మాత్రం ఆగలేదు. అక్కడి చిన్న చిన్న ఫౌండ్రీలు, లేత్ షాపులు లిస్టరును చూసి అచ్చు అలాంటిదే పోతపోశాయి. ఒకరు క్రాంకు, ఒకరు హెడ్డు, ఇంకొకరు ఫ్లైవీలు. అందరిదీ ఒకే కొలత కాబట్టి ఎవరి సామాను ఎవరి ఇంజనుకైనా దాదాపుగా సరిపోయేది. నాణ్యత హెచ్చుతగ్గులుగా ఉండేది నిజమే. కొత్త ఇంజనును కూడా ఒకసారి విప్పి, లోపలి పోత ఇసుక కడిగి బిగించుకోవాల్సి వచ్చేది. అయినా అసలు కంపెనీ తయారీ ఆపేసినా ఇంజను చావకపోవడానికి కారణం ఆ నకళ్లే.

మన జిల్లాల్లో ఎక్కువగా వినిపించిన పేరు కిర్లోస్కర్. 1946లో పుణెలో మొదలైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ తయారుచేసిన ఏవీ1 అనే 5 హార్స్‌పవర్, 1500 చుట్ల ఇంజను దేశమంతటా పొలం గట్లకు చేరింది. దీన్ని కూడా ఎందరో కాపీ కొట్టారు. కాలవ శివారు భూముల్లో నీళ్లు తోడడానికి, పిండిమరలకు, చెరకు గానుగలకు అన్నిటికీ అదే. హ్యాండిల్ తిప్పేవాడికి సిలిండరులో ఒత్తిడి తగ్గించే డీకంప్రెషన్ లివరు ఎప్పుడు వదలాలో తెలిసుండాలి. వేళ తప్పితే హ్యాండిల్ వెనక్కి కొట్టి మణికట్టు విరిగేది.

ఈ ఇంజను బాగు చేయడమంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ పద్ధతే ఇప్పుడు కనుమరుగవుతోంది. రోగం పట్టేది పొగను చూసే. నల్ల పొగైతే డీజిల్ చిమ్మే నాజిల్ సరిగా చిమ్మడం లేదనో, లోడు ఎక్కువైందనో అర్థం. నీలి పొగైతే రింగులు అరిగి ఇంజనాయిలు పైకెక్కి మండుతున్నట్టు. నాజిల్, దానికి డీజిల్ నెట్టే ప్లంజరు విప్పి పట్నం పంపితే పంపు షాపులో టెస్ట్ చేసి ఇచ్చేవారు. వాల్వులను పేస్టు వేసి చేత్తో తిప్పుతూ సీటు మీద కూర్చోబెట్టేవారు. సిలిండరు లోపల లైనరు అనే గొట్టం విడిగా ఉండేది. అరిగితే దాన్ని లాగి కొత్తది దించడమే. లైనరు లేని ఇంజన్లకు బోరింగ్ కొట్టించి, అంటే సిలిండరు లోపలి గోడ చెక్కించి, కాస్త పెద్ద సైజు పిస్టన్ వేసేవారు. 0.25, 0.50, 0.75, ఒక మిల్లీమీటరు దాకా ఓవర్‌సైజు పిస్టన్లు షాపులో దొరికేవి. అంటే ఇంజను తయారుచేసినవాడే అది నాలుగుసార్లు అరుగుతుందని ముందే ఊహించి, నాలుగుసార్లు బతికించే సామాను కూడా చేసి పెట్టాడన్నమాట. క్రాంకు అరిగితే గ్రైండింగ్, బేరింగుకు అండర్‌సైజు షెల్లు. ఇవన్నీ చేసే లేత్ షాపులు ఒకేచోట చేరిన ఊళ్లలో విజయవాడ ఆటోనగర్ పెద్దది. అక్కడ దొరకని సామాను ఉంటే అక్కడే చేయించుకునేవారు.

తర్వాత పొలానికి కరెంటు వచ్చింది. ఎన్టీ రామారావు హయాంలో 1980ల్లో హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల స్లాబు, 2004 మే 14న ఉచిత విద్యుత్తు ఫైలుపై వైఎస్ రాజశేఖరరెడ్డి సంతకం, 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా. ఒక్కో మెట్టుకూ ఆయిల్ ఇంజను ఒక్కో చేను వదిలి వెళ్లిపోయింది. కాలవ చివరి భూములకు, డ్రెయిన్ల పక్కకు, కరెంటు లైను లేని చోట్లకు పరిమితమైంది. మెకానిక్కుల్లో కొందరు మోటారు వైండింగుకు మారారు. లో వోల్టేజీకి మోటార్లు కాలిపోవడం మామూలే కాబట్టి ఆ పనికి ఇప్పటికీ కొదవ లేదు.

అదే కరెంటు పోయినప్పుడు పెట్రోలు జనరేటర్లు కావలసి వచ్చాయి. హోండా 1985లో శ్రీరామ్ గ్రూపుతో కలిసి ఇక్కడ జనరేటర్ల కంపెనీ పెట్టింది. పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరోసిన్‌కు మార్చే రకాలు జిరాక్స్ షాపుల ముందు, పెళ్లి ఊరేగింపుల్లో ట్యూబులైట్ల వెనక పగలూ రాత్రీ మోగాయి. 2012లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు, అంటే కరెంటు ఇవ్వని రోజులు, ప్రకటించినప్పుడు వీధి వీధికీ ఆ మోతే. ఆ గిరాకీలోనే చైనా ఇంజన్లూ అమ్ముడయ్యాయి.

అసలు మలుపు ఇక్కడుంది. హోండా 1983లో మొదలుపెట్టిన జీఎక్స్ వరస ఇంజన్లు ప్రపంచమంతటా చిన్న పంపులకు, జనరేటర్లకు, కాంక్రీటు మిషన్లకు ఒరవడి అయ్యాయి. వాటిలో జీఎక్స్160 సిలిండరు బోరు, అంటే లోపలి వ్యాసం, 68 మిల్లీమీటర్లు. చైనా కంపెనీలు దాన్ని అదే కొలతలతో చేసి 168ఎఫ్ అని పేరు పెట్టాయి: ఒక సిలిండరు, 68 బోరు, ఎఫ్ అంటే గాలికి చల్లబడేది. బ్రష్ కట్టర్ల జీఎక్స్35కు బోరు 39, కాబట్టి దాని నకలు 139ఎఫ్. రాజ్‌కోట్ చరిత్ర మళ్లీ జరిగినట్టే కనిపిస్తుంది. కార్బరేటర్, కాయిల్, తాడు స్టార్టరు, పిస్టన్ సెట్టు ఏ పట్నంలోనైనా దొరుకుతున్నాయి, తక్కువ ధరకు, ఒకదానిది ఒకదానికి సరిపోతూ.

కానీ రాజ్‌కోట్‌లో జరగనిది ఒకటి ఇక్కడ జరిగింది. సామానుతో పాటు పూర్తి ఇంజను ధర కూడా పడిపోయింది. లిస్టరు నకలులో ఇనుము బరువే వంద కిలోలు దాటి ఎంతో ఉండేది. పారేయడానికి మనసొప్పేది కాదు. 168ఎఫ్ నకలు ఒక మనిషి ఎత్తి బండి మీద పెట్టుకెళ్లగలిగేంత. దాన్ని పూర్తిగా విప్పి బిగించడానికి మంచి మెకానిక్కుకు ఒక రోజు పడుతుంది. ఆ రోజు కూలీ, పిస్టన్ సెట్టు, గాస్కెట్లు కలిపితే కొత్త ఇంజను ధరలో సగానికి చేరుతుంది. నకళ్లే మరమ్మతును బతికించాయి, నకళ్లే దాన్ని దండగ చేశాయి.

పెట్రోలులోనే ఆయిలు కలిపి పోసే టూ-స్ట్రోక్ రకాల్లో పరిస్థితి ఇంకా బిగుసుకుంది. మన రైతులు తైవాన్ స్ప్రేయరని పిలిచే వీపు మిషన్లు, చౌక బ్రష్ కట్టర్లు చాలావాటిలో సిలిండరు అల్యూమినియం, లోపల క్రోమ్ లేదా నికెల్ పూత. ఆ పూత లేచిపోతే బోరింగ్ కొట్టించడానికి వీల్లేదు, ఓవర్‌సైజు పిస్టనూ ఉండదు. సిలిండరే మార్చాలి. అమెరికాలో ఇలాంటి చేతి మిషన్ల ఇంజన్లు పొగ పరిమితుల లోపల ఎన్ని గంటలు నడవాలో అక్కడి పర్యావరణ సంస్థ మూడు తరగతులు చేసింది: 50, 125, 300 గంటలు. మొదటి తరగతి ఇంజను రోజుకు ఐదు గంటలు కలుపు కొడితే పది రోజుల్లో తన లెక్క పూర్తి చేసుకుంటుంది. ఆ తర్వాత ఆగిపోతుందని కాదు, కానీ తయారుచేసినవాడు ఎంతవరకు ఆలోచించాడో ఆ అంకెలో కనిపిస్తుంది. ఇంటి పెరడు గడ్డికి చేసిన మిషనుతో నాలుగెకరాల పత్తి చేను కలుపు తీస్తే తప్పు మిషనుదీ కాదు, రైతుదీ కాదు, దాన్ని అలా అమ్మినవాడిది.

మిషను మూలన ఉన్నప్పుడు పాడవడానికి ఇప్పుడు ఇంకో కారణం తోడైంది. పెట్రోలులో ఇథనాల్ వాటా 2022 జూన్‌లో దేశమంతటా సగటున 10 శాతానికి చేరింది. 20 శాతం పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై 2025కల్లా బంకుల్లో మామూలైపోయింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలవ ఉంటే నీళ్లు విడిపోయి అడుక్కు దిగుతాయి, కార్బరేటర్ గిన్నెలో తెల్లగా పొరకడుతుంది, పాతరకం రబ్బరు పైపులు ఉబ్బుతాయి, కార్బరేటరులోని డయాఫ్రమ్ అనే చిన్న పొర బిగుసుకుపోతుంది. రోజూ తిరిగే బైకుకు ఇది పెద్దగా తెలియదు. ఏడాదికి రెండు నెలలు పనిచేసే స్ప్రేయరుకే దెబ్బ.

అందుకే ఇంటి దగ్గర చేసుకోగలిగిన పనుల్లో మొదటిది డబ్బు ఖర్చు లేనిది. సీజను అయిపోగానే ట్యాంకు వంపేసి, ఇంజను దానంతటది ఆగేదాకా నడిపి కార్బరేటర్ ఎండబెట్టడం. టూ-స్ట్రోకుకు కంపెనీ చెప్పిన పాళ్లలో ఆయిలు కలపడం రెండోది: 25కు 1 అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50కు 1 అంటే 20. కంటి లెక్కన పోసినవాళ్ల పిస్టన్లే షాపులో గీతలు పడి కనిపిస్తాయి. ఫోర్-స్ట్రోక్ జీఎక్స్ రకానికి మొదటి 20 గంటలకు ఒకసారి, తర్వాత 100 గంటలకు ఒకసారి ఆయిలు మార్చాలి. పట్టేది అర లీటరుకు కాస్త ఎక్కువ. ఆయిలు తగ్గితే స్పార్కు ఆపేసే సెన్సరు వీటిలో చాలావాటికి ఉంటుంది. ఇంజను పోయిందనుకుని షాపుకు మోసుకొచ్చిన మిషను కొన్నిసార్లు కప్పుడు ఆయిలు పోయగానే లేచి కూర్చుంటుంది. గాలి ఫిల్టరు సంగతి వేరే చెప్పక్కర్లేదు. దుమ్ములో పనిచేసే ఇంజను రింగులను తినేసేది ఫిల్టరు ఆపలేకపోయిన ఆ దుమ్మే.

బైకుల కథ దీనికి అటువైపు నిలబడుతుంది. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ100లోని 97.2 సీసీ ఇంజను కొలత దశాబ్దాలు మారలేదు, కాబట్టి ఏ పల్లెలోనైనా దాన్ని దించి ఎక్కించగల కుర్రాడు ఉన్నాడు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక చాలా బైకుల్లో కార్బరేటర్ పోయి ఫ్యూయెల్ ఇంజెక్షన్, దాన్ని నడిపే ఈసీయూ అనే చిన్న కంప్యూటరు వచ్చాయి. గాలి బాగుపడిందని ఒప్పుకోవాలి. అయితే ఈసీయూను రాజ్‌కోట్ ఫౌండ్రీలో పోతపోయలేరు. అందులోని ప్రోగ్రాము కంపెనీదే, దాన్ని చదివే స్కానరూ చాలావరకు కంపెనీ షోరూముదే.

సామాను ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న చట్టం దాకా వెళ్లింది. స్పేర్ పార్టులను, రిపేరు సమాచారాన్ని బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కుపై కమిటీ వేసి, వ్యవసాయ పరికరాలనూ అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. కంపెనీల మాన్యువళ్లు, సర్వీసు వివరాలు అందులో చూసుకోవచ్చు. సంతలో దొరికే స్ప్రేయరు మీద మాత్రం చాలాసార్లు దిగుమతిదారు అంటించిన స్టిక్కరే ఉంటుంది. మాన్యువల్ ఎవరిని అడగాలి?

పన్ను లెక్క కూడా ఈ వాదంలో ఒక పక్షం తీసుకుంది, ఎవరూ పెద్దగా గమనించకపోయినా. 15 హార్స్‌పవర్ లోపు ఫిక్స్‌డ్ స్పీడ్, అంటే ఒకే వేగంతో తిరిగే, డీజిల్ ఇంజను కొత్తది కొంటే ఏళ్ల తరబడి జీఎస్టీ 12 శాతం. పిస్టన్, రింగులు, వాల్వుల లాంటి విడిభాగాల మీద రేటు అంతకన్నా ఎక్కువ. 2025 సెప్టెంబరు 22న ఇంజను మీద రేటు 5కు తగ్గింది. రూపాయల్లో రైతుకు మేలే జరిగింది. కానీ ఏళ్ల తరబడి కొత్త ఇంజను కంటే రిపేరు సామాను మీదే పన్ను రేటు ఎక్కువగా ఉండింది.