బొమ్మల పుస్తకాల మీద పాత అభియోగం

బొమ్మల కథలు చదవడం అసలు చదవడమేనా అన్న పేచీ మళ్లీ మొదలైంది. పాఠశాల గ్రంథాలయాల్లో కామిక్స్ ఉంచాలా, పిల్లలను నేరుగా నవలలకే మళ్లించాలా అని పెద్దలు తర్జనభర్జన పడుతున్నారు. ఒకప్పుడు నవలనూ ఇలాగే ఆడిపోసుకున్నారన్నది తెలిసిన సంగతే కనుక దాన్ని పక్కన పెడదాం. ఇప్పటి అనుమానాలకు వేరు 1954లో ఉంది.

ఆ ఏడాది అమెరికా మానసిక వైద్యుడు ఫ్రెడరిక్ వెర్థమ్ ‘సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్’ అనే పుస్తకం వెలువరించాడు. పిల్లల్లో నేరప్రవృత్తికి కామిక్స్ దోహదం చేస్తున్నాయన్నది ఆయన వాదన. ఏప్రిల్‌లో అమెరికా సెనేట్ ఉపసంఘం కామిక్స్ మీద న్యూయార్క్‌లో విచారణ పెట్టింది. తెగిన తల ఉన్న ముఖచిత్రం చూపించి, ఇది మంచి అభిరుచేనా అని భయానక కామిక్స్ ప్రచురణకర్త విలియం గెయిన్స్‌ను అడిగారు. భయానక కామిక్‌కు తగినదేనన్నాడాయన. నిజాయితీగల జవాబే, కానీ ఆ రోజుతో ఆయన పక్షం ఓడిపోయింది.

చట్టం వస్తుందేమోనన్న బెదురుతో ప్రచురణకర్తలు ఆ శరత్కాలంలోనే తమకు తాము నియమావళి రాసుకున్నారు. పత్రిక పేరులో ‘హారర్’, ‘టెర్రర్’ కనిపించకూడదు. రక్తపిశాచులకు ప్రవేశం లేదు. న్యాయమూర్తులను, పోలీసులను చులకన చేయకూడదు. ప్రతి కథలోనూ చెడు మీద మంచే గెలవాలి. నీతిశతకాలు కూడా ఇంత కచ్చితంగా ఉండవు!

వెర్థమ్ దుర్మార్గుడేమీ కాదు. న్యూయార్క్ నగరంలోని హార్లెంలో పేద నల్లజాతీయుల కోసం మానసిక చికిత్సాలయం నడిపినవాడు. అయితే ఆయన మరణానంతరం, 2010లో, ఆయన కాగితాలు పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. వాటిని తిరగేసిన గ్రంథాలయశాస్త్ర ఆచార్యురాలు కరోల్ టిల్లీ 2012లో బయటపెట్టిన విషయాలు ఇబ్బందికరమైనవి. ఇద్దరు కుర్రాళ్ల మాటలను ఆయన ఒక్కరివిగా చూపాడు. పిల్లల బతుకుల్లో కామిక్స్‌తో సంబంధంలేని కష్టాలను చెప్పకుండా వదిలేశాడు. పెద్దలు నమ్మిన సాక్ష్యం ఇది.

పిల్లలు ఊరుకున్నారనుకుంటే పొరపాటు. 1948లోనే, కామిక్స్ మీద వెర్థమ్ అప్పట్లో రాసిన వ్యాసానికి జవాబుగా, వాషింగ్టన్‌కు చెందిన 14 ఏళ్ల కుర్రవాడు ‘సాటర్డే రివ్యూ’ పత్రికకు పెద్ద ఉత్తరం రాశాడు. కామిక్స్ గుట్టలుగా పోగేసుకున్న పాఠకుడు అతను. తాను ప్రేమించి చదివినదాన్ని నేరంగా చూడవద్దని వాదించాడు. పత్రిక అచ్చువేసింది. 

2011లో డీసీ, ఆర్చీ అనే కామిక్స్ ప్రచురణ సంస్థలు వైదొలగడంతో 1954 నాటి ఆ నియమావళి చచ్చిపోయింది. దాని వెనకున్న భయం మాత్రం పోలేదు. 1992లో ప్రత్యేక పులిట్జర్ పురస్కారం అందుకున్న ‘మౌస్’ అనే బొమ్మల పుస్తకాన్ని 2022 జనవరిలో అమెరికాలోని టెన్నెస్సీ రాష్ట్రంలో ఒక పాఠశాల బోర్డు ఎనిమిదో తరగతి పాఠ్యప్రణాళిక నుంచి తీసేసింది. నాజీల మారణహోమం మీది పుస్తకమది. బోర్డు చూపిన కారణాల్లో కొన్ని తిట్లు, ఒక నగ్న చిత్రం ఉన్నాయి.